మొబైల్ ఆప్‌కు మార్కెటింగ్: కొన్ని మౌలికాంశాలు

'పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది' అని మన సామెత. దీన్ని నమ్ముకొని, మంచి ఆప్ తయారుచేస్తే చాలు, జనం వాళ్లే వెతుక్కుంటూ వస్తారనుకునే మిత్రులు కళాశాలల్లో చాలామంది ఉన్నారు. వ్యాపార శాస్త్రం మాత్రం ఇందుకు ఒప్పుకోదు. 2008 జూలైలో ఆపిల్ సంస్థ తన ఆప్ స్టోరు తెరిచిననాడు అందులో ఉన్నవి సుమారు 500 ఆప్‌లు. అంగట్లో సరుకు తక్కువ గనుక ప్రతిదీ కంటపడేది. నేడు అక్కడా, గూగుల్ ప్లే స్టోరులోనూ ఆప్‌లు లక్షల్లో ఉన్నాయి. ఇంత పెద్ద సంతలో మన గంప ఎవరి కంటపడుతుంది? పడినా ఎందుకు తీసుకుంటారు? తీసుకున్నా ఎన్నాళ్లు ఉంచుకుంటారు? ఈ మూడు ప్రశ్నలను వరుసగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సౌలభ్యం కోసం ఒక ఉదాహరణ అనుకుందాం. హైదరాబాదు కోఠీలోనో, విజయవాడ లెనిన్ సెంటర్లోనో పాత పుస్తకాల కోసం మనం తిరుగుతుంటాం కదా! ఆ బేరాన్నే ఫోనులోకి తెచ్చి, సీనియర్ల పాఠ్యపుస్తకాలు జూనియర్లకు చేరేలా నలుగురు విద్యార్థులు ఒక ఆప్ చేశారనుకోండి.

1. కంటపడటం

స్టోరులో పేరే సగం ప్రకటన. ప్లే స్టోరులో పేరుకు 30, క్లుప్త పరిచయానికి 80 అక్షరాలు మాత్రమే ఇస్తారు. కాబట్టి కవిత్వం పనికిరాదు. కొనేవాడు ఏ మాట కొట్టి వెతుకుతాడో ఆ మాటే పేరులో ఉండాలి. మనవాళ్లలో కొందరు తెలుగు లిపిలో వెతుకుతారు, కొందరు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడతారు, కొందరు నోటితోనే అడుగుతారు. ఈ మూడు రకాలవారినీ దృష్టిలో పెట్టుకోవాలి. తెలుగులో పేరు రాసేటప్పుడు ఒక చిక్కుంది. 'పుస్తకం' మన కంటికి మూడక్షరాలే. కంప్యూటరు లెక్కలో కొమ్ము, పొల్లు, సున్న అన్నీ వేర్వేరు గుర్తులు గనుక అది ఏడు! 30 అనేది వినడానికి పెద్దదిగానే ఉన్నా వాడకంలో తొందరగా అయిపోతుంది. 'నంబర్ వన్', 'ఉచితం' వంటి గొప్పలు పేరులో పెట్టడం 2021 నుంచి గూగుల్ నిబంధనలకు విరుద్ధం కూడాను.

2. నమ్మకం కుదరడం

కంటపడిన ప్రతివాడూ దించుకోడు. బొమ్మలు చూస్తాడు, చుక్కలు లెక్కపెడతాడు, ఎంత చోటు పడుతుందో చూస్తాడు. ఆప్ పరిమాణం 6 ఎంబీ పెరిగినప్పుడల్లా దించుకునేవారి పాలు ఒక శాతం తగ్గుతోందని గూగుల్ వారే 2017లో ప్రకటించారు. ఫోను నిండిపోయి ఫొటోలు చెరుపుకునే కుర్రవాడికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. అంటే ఆప్‌ను తేలికగా చేయడం ఇంజనీరింగ్ పనే కాదు, మార్కెటింగ్ పని కూడా.

ఇక సమీక్షలు. అడగందే అమ్మయినా పెట్టదు కాబట్టి అడగాలి. అయితే తెరవగానే 'ఐదు చుక్కలివ్వండి' అని ప్రాణం తీయకూడదు. పుస్తకం చేతికందిన రోజున అడిగితే ఎవడైనా సంతోషంగా ఇస్తాడు. ఇంత డబ్బిస్తే ఇన్ని వేల డౌన్‌లోడ్లు, ఇన్ని వందల పొగడ్తలు అంటూ బేరం పెట్టేవాళ్లు బయట ఉన్నారు. ఇది పైన పటారం, లోన లొటారం. దొంగ అంకె బయటపడితే స్టోరువారు ఆప్‌ను తీసివేయవచ్చు, ఖాతానే మూయవచ్చు. ఏడాది శ్రమ ఒక్కరోజులో పోతుంది.

3. ఒక్క చోట గట్టిగా

చేతిలో డబ్బు తక్కువున్నవాడు రాష్ట్రమంతా చల్లకూడదు. ఫేస్‌బుక్ 2004 ఫిబ్రవరిలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఒక్కదానిలోనే మొదలైంది. నెల తిరిగేసరికి అక్కడి డిగ్రీ విద్యార్థుల్లో సగానికి పైగా చేరారు. ఆ తర్వాతే ఇతర విశ్వవిద్యాలయాలకు పాకింది. మన పుస్తకాల ఆప్‌కూ ఇదే సూత్రం. పది జిల్లాల్లో వెయ్యిమంది చెదురుగా ఉంటే ఒక్క పుస్తకమూ చేతులు మారదు. ఒక్క కాలేజీలో రెండొందల మంది ఉంటే రోజూ మారతాయి. ముందు అమ్మేవాళ్లను చేర్చాలి. ఖాళీ కొట్టుకు కొనేవాడు రెండోసారి రాడు. పరీక్షలు ముగిసిన వారమే ఇందుకు అదను.

గూగుల్ ఇక్కడ మనకు తెలియకుండానే ఒక పాఠం చెప్పింది. 2023 నవంబరు తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాల నుంచి ఆప్ విడుదల చేయాలంటే ముందుగా 20 మంది వరుసగా 14 రోజులు దాన్ని పరీక్షించాలన్నది. 2024 డిసెంబరులో ఆ సంఖ్యను 12కు తగ్గించింది. చాలామంది దీన్ని తద్దినంలా ముగిస్తారు. నా ఉద్దేశంలో ఆ పన్నెండుగురే తొలి ఖాతాదారులు, తొలి విమర్శకులు, తొలి ప్రచారకులు.

4. నిలబడటం

డౌన్‌లోడ్లే గెలుపు అనుకునేవారు భీమ్ ఆప్ చరిత్ర చూడాలి. 2016 డిసెంబరు 30న ప్రధానమంత్రే స్వయంగా విడుదల చేశారు. పెద్దనోట్ల రద్దు తర్వాతి రోజులవి. పదిరోజుల్లో కోటి డౌన్‌లోడ్లు! ఇంతకన్న గొప్ప ప్రచారం ఏ ఆప్‌కు దక్కుతుంది? అయినా 2024 నాటికి యూపీఐ చెల్లింపుల సంఖ్యలో దాని వాటా ఒక శాతానికి లోపే. ఫోన్‌పే, గూగుల్ పే రెండూ కలిసి 80 శాతం దాటాయి. నాకు తోచిన కారణాలు రెండు. భీమ్ మొదట హిందీ, ఇంగ్లీషుల్లోనే వచ్చింది. 2017 సెప్టెంబరులో తేజ్ పేరుతో వచ్చిన నేటి గూగుల్ పే తొలినాడే తెలుగులోనూ పలికింది. స్నేహితుణ్ణి చేరిస్తే ఇద్దరికీ 51 రూపాయలిచ్చింది. అంతకన్న ముఖ్యం, ప్రైవేటు సంస్థలు కొట్టుకొట్టుకూ తిరిగి క్యూఆర్ బొమ్మలు అంటించాయి. టీకొట్టు దగ్గర రోజూ వాడే అవసరం కల్పించాయి.

చిన్న లెక్క వేద్దాం. ప్రకటన ద్వారా ఒక్కో డౌన్‌లోడుకు 10 రూపాయలు పడిందనుకోండి. నెల తర్వాత పదిమందిలో ఒక్కడే మిగిలితే, నిజంగా ఆ ఒక్కడి ఖరీదు 100 రూపాయలు. అదే ఐదుగురు మిగిలితే ఒక్కొక్కరు 20 రూపాయలే. ప్రకటన మార్చకుండా, ఆప్‌ను బాగుచేసినందువల్లే ఖర్చు అయిదో వంతుకు దిగింది! మార్కెటింగ్ ఖాతాలో రాయాల్సిన మొదటి అంకె ఇదే.

కడపటి మాట. ప్రచారం పేరిట ఖాతాదారు ఫోనులోని నంబర్లన్నీ లాగి, ఊరందరికీ సందేశాలు పంపే ఆప్‌లున్నాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమ్మతి లేనిదే ఇటువంటివి కుదరవంటోంది. చట్టం మాట అటుంచి, మనలాంటి విద్యార్థులకు పెట్టుబడి అంటూ ఉన్నది తోటివారి నమ్మకమే. అది ఒకసారి పోతే ప్రకటనలతో తిరిగి కొనలేం. కాబట్టి ఆప్ చేసే మిత్రులారా, ఎంతమంది దించుకున్నారని కాక, నిన్న వచ్చినవాడు ఈరోజు మళ్లీ వచ్చాడా అని రోజూ చూసుకోండి. వచ్చి ఉంటే, రేపు ఇంకొకణ్ణి వాడే తీసుకొస్తాడు.