నాలుగు గోడల మధ్య వెలుగుతో ఉపాధి

ఇంటీరియర్ ఫొటోగ్రఫీని వృత్తిగా ఎంచుకోవాలనుకునేవారు ముందు జూలియస్ షుల్మన్ తీసిన స్టాల్ హౌస్ ఫొటోను తీరిగ్గా చూడాలి. 1960 నాటిది. లాస్‌ ఏంజెలెస్ కొండ మీద గాజు గోడల గది, అందులో ఇద్దరు యువతులు, కింద నగరమంతా దీపాలు. ఇంట్లో లైట్లు ఆర్పించి, ఊరి వెలుగు ఫిల్మ్‌ మీద పడేందుకు షుల్మన్ సుమారు 7 నిమిషాలు షటర్ తెరిచి ఉంచారు. ఆ తర్వాతే గదిలో ఫ్లాష్ బల్బులు వెలిగించారు. ఆయనకు డిగ్రీ లేదు. 1936లో చిన్న కొడాక్ కెమెరాతో తీసిన ఫొటోలు ఆర్కిటెక్ట్ రిచర్డ్ న్యూట్రాకు నచ్చడంతో షుల్మన్ దశ తిరిగింది.

ఇప్పుడు ఫిల్మ్ పోయింది కానీ ఆ ఓపిక అవసరం పోలేదు. ట్రైపాడ్ మీద కెమెరాను దాదాపు ఛాతీ ఎత్తులో బిగిస్తారు. గోడలు, తలుపులు వాలిపోయినట్టు కనిపించకుండా టిల్ట్‌ షిఫ్ట్ లెన్స్ వాడతారు. బల్బుల పసుపు కిటికీ వెలుగుతో కలిసి రంగులు చెడగొడుతుంది కాబట్టి చాలామంది పగటిపూట లైట్లు ఆర్పేస్తారు. కిటికీ బయటి దృశ్యానికి ఒక ఎక్స్‌పోజర్, గదికి మరొకటి తీసి ఎడిటింగ్‌లో కలుపుతారు. మరీ వైడ్ లెన్స్ పెడితే సోఫా సాగినట్టు కనబడుతుంది, దాన్ని ఎంచి కొన్న డిజైనర్ ఒప్పుకోరు. కుషన్ సర్దడం, వైర్లు దాచడం కూడా ఈ పనిలో భాగమే. రోజంతా కష్టపడితే చేతికొచ్చేవి పది, పన్నెండు ఫొటోలే కావచ్చు. అమ్మకానికి పెట్టిన ఇళ్లను గంట, రెండు గంటల్లో తీసిచ్చే రియల్‌ ఎస్టేట్ ఫొటోగ్రఫీ వేరు. చేయి తిరగడానికి మాత్రం అది మంచి దారి.

ఆదాయం దగ్గర చాలామంది పొరపడతారు. అమెరికా చట్టం ప్రకారం ఫొటోగ్రాఫర్ ఉద్యోగి కాకపోతే, హక్కులు రాసివ్వకపోతే, కాపీరైట్ ఆయనదే. అదే వంటగది ఫొటోను డిజైనర్, టైల్స్ కంపెనీ, పత్రిక వాడుకోవాలంటే ఎవరి లైసెన్స్ వారే కొనాలి. అందుకే ఎవరు, ఎక్కడ, ఎంతకాలం వాడుకోవచ్చో కాగితం మీద రాసుకోకుండా షూట్‌కు వెళ్లకండి.

ఇక అమెరికాలో చదువుకునేవారికి వీసా సంగతి. ఎఫ్‌1 స్టూడెంట్ వీసా మీద ఉన్న విద్యార్థి పని అనుమతి లేకుండా డబ్బు తీసుకుని ఫొటోలు తీయకూడదు, వారాంతాల్లో తెలిసినవాళ్ల ఇంటికైనా సరే. ఈ వీసా ఉన్నవారికిచ్చే తాత్కాలిక పని అనుమతి ఓపీటీలో చేసే పని చదివిన కోర్సుకు సంబంధించినదై ఉండాలి. ఈ విషయంలో స్నేహితుల మాట నమ్మకుండా కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడగండి.

ఫొటోగ్రఫీ కోర్సులకు అమెరికాలో రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, కాలిఫోర్నియాలోని ఆర్ట్‌సెంటర్ పేరున్నవి. హైదరాబాద్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఉంది. ఆర్కిటెక్చర్ విద్యార్థులకు ఇందులో అదనపు బలం ఉందని నా నమ్మకం. గొప్ప భవన ఛాయాగ్రాహకుడు ఎజ్రా స్టోలర్ ఆర్కిటెక్చర్ చదువుకునే రోజుల్లోనే భవనాలు, నమూనాల ఫొటోలు తీయడం మొదలుపెట్టారు.

ఖరీదైన లెన్స్ కొనేముందు మీ ముందుగదినే ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఒకే చోటు నుంచి తీయండి. వాటిని ఎవరైనా ఆర్కిటెక్ట్‌కు చూపించి తప్పులు చెప్పించుకోండి.