ఏకాంతం – ఒంటరితనం

మానవుడు సంఘజీవి అని చిన్ననాటి నుండి చదువుకుంటున్నాం. అయినా గొప్ప ఆలోచనలు తరచుగా ఏకాంతంలోనే రూపు దిద్దుకుంటాయి. మరి ఒంటరిగా ఉండడం మనస్సుకు మేలా, కీడా? దీనికి సమాధానం రెండు మాటల భేదంలో ఉంది. ఏకాంతం మనం కోరి తెచ్చుకొనేది. ఒంటరితనం కోరకుండానే వచ్చి మీద పడేది. ఉర్దూ చదివే మిత్రులకు ఈ భేదం కొత్త కాదు. ఖల్వత్ అన్న మాటలోని నిండుదనం తన్‌హాయీ అన్నప్పుడు సాధారణంగా వినిపించదు.

ఈ విషయమై రాబర్ట్ వైస్ అనే శాస్త్రజ్ఞుడు 1973లో ఒక గ్రంథం వెలువరించాడు. అతని విభజన ప్రకారం ఒంటరితనం రెండు విధాలు. మనసు విప్పి చెప్పుకోదగిన ఆత్మీయులు లేకపోవడం మొదటిది. తనవారనుకోదగిన బృందం లేకపోవడం రెండవది. ఒకదాని లోటును మరొకటి పూడ్చలేదు. అందుచేతనే నలభైమంది ఉన్న హాస్టలులో సైతం ఒక విద్యార్థి ఒంటరివాడు కాగలడు.

ఈ రెండింటికీ మన జిల్లాలోనే ఉదాహరణలు ఉన్నాయి. భర్త గల్ఫ్ దేశాలకు వెళ్ళగా ఏళ్ళ తరబడి ఇల్లు నడిపే ఇల్లాలిది మొదటి విధమైన ఒంటరితనం. ఇంటినిండా బంధువులున్నా ఆ లోటు తీరదు. రెండవది బోధన్‌లో కనిపిస్తుంది. ఆసియాలోకెల్లా పెద్దదిగా ఒకప్పుడు పేరుపొందిన అక్కడి నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతబడింది. కార్మికులు కోల్పోయినది జీతం మాత్రమే కాదు. షిఫ్టు ముగిశాక కలిసి టీ త్రాగిన జట్టును, చెరకు బండ్ల రద్దీలో పెరిగిన స్నేహాన్ని కూడా కోల్పోయారు.

ఒంటరితనం ఆకలి వంటి హెచ్చరిక అని జాన్ కాసియోపో అనే మనస్తత్వవేత్త వివరించాడు. ఆకలి అన్నం వైపు నడిపించినట్లు అది మనల్ని మనుషుల వైపు నడిపించాలి. కాని చాలాకాలం తీరకపోతే మనస్సు ఎదురు తిరుగుతుంది. ప్రతి ముఖంలోనూ తిరస్కారాన్నే వెదకుతుంది. నిద్ర చెదురుతుంది, ఏకాగ్రత సన్నగిల్లుతుంది. మనిషి మరింత ముడుచుకొనిపోతాడు. చూసేవారికి అది గర్వంగా కనిపిస్తుంది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ప్రకటించింది.

నేను చేసిన పొరపాటు ఒకటి ఇక్కడ చెప్పక తప్పదు. కొన్నేళ్ళ క్రితం బోధన్ వైపు పల్లె నుండి వచ్చిన ఒక విద్యార్థి ఎప్పుడూ చివరి బెంచీలో కూర్చొనేవాడు. ఏమడిగినా ముక్తసరిగా జవాబిచ్చేవాడు. గర్వమనుకొని అందరి ఎదుట మందలించాను. మరునాటి నుండి అతడు రాలేదు. తల్లి మరణించిందనీ, తండ్రి గల్ఫ్‌లో ఉన్నాడనీ, అద్దె గదిలో ఒక్కడే వండుకొని తింటున్నాడనీ తరువాత తెలిసింది. నేను వెళ్ళేసరికి ఆ గదికి తాళం వేసి ఉంది.

దీనికి భిన్నమైన దృశ్యం మన ఊరి కోటలోనే ఉంది. 1948లో దాశరథి కృష్ణమాచార్యులవారిని నిజాం ప్రభుత్వం ఇందూరు కోట జైలులో నిర్బంధించింది. తరువాతి కాలంలో గాలిబ్ కవిత్వాన్ని తెలుగు చేసిన ఆ కవి, పళ్ళు తోముకొనే బొగ్గుతో జైలు గోడలపై పద్యాలు వ్రాశారు. వట్టికోట ఆళ్వారుస్వామి వంటి సహఖైదీలు వాటిని చదివేవారు. నిర్బంధం ఆయన కోరుకొన్నది కాదు. కాని చెప్పుకొనేందుకు మాట, వినేందుకు మనిషి ఉన్నందున అది ఆయన మనస్సును కుంగదీయలేదని నాకు తోస్తుంది.

విద్యార్థి మిత్రులారా! రోజుకు కొంతసేపు ఏకాంతాన్ని కోరి తెచ్చుకోండి, చదవండి, ఆలోచించండి. అయితే మీ ప్రక్కన మౌనంగా కూర్చొన్నవాణ్ణి గర్విష్ఠి అని తీర్మానించే ముందు ఒక్కసారి "అన్నం తిన్నావా?" అని పలకరించండి. కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం ఒక్కటే. ప్రతి ఇరవైమంది విద్యార్థుల మంచిచెడ్డలు కనుక్కొనే బాధ్యతను ఒక్కొక్క అధ్యాపకునికి అప్పగించండి. మొదటి ఇరవైమందిని నేను తీసుకొంటాను.