డేరాల ప్రయాణం – ముందుచూపు

వేసవి సెలవులలో ఇల్లు విడిచి నాలుగు రోజులు గుడారంలో గడపాలనే కోరిక యువతకు సహజం. ఫ్రాన్సు దేశపు సముద్రతీరానికి ఏటా జూలై, ఆగస్టు నెలలలో ఎన్నో కుటుంబాలు ఈ కోరికతోనే తరలివెళ్తాయి. అయితే అక్కడి కడలి ఒడ్డున నచ్చినచోటల్లా గుడారం వేయడానికి చట్టం సమ్మతించదు. విడిదికై ఏర్పరచిన స్థలాలలో ముందుగానే చోటు కుదుర్చుకోవాలి. ఇట్టి ముందుచూపును సుమారు రెండు శతాబ్దాల క్రితమే ఆచరించి చూపిన తెలుగు యాత్రికుడు ఏనుగుల వీరాస్వామయ్య.

చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉద్యోగం చేసిన వీరాస్వామయ్య 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరారు. కుటుంబం, పరివారం, బోయీలు కలిసి సుమారు నూరుమంది. మనదేశంలో తొలి ప్రయాణికుల రైలు నడచినది 1853లో. కనుక ఆనాడు పల్లకీ, కాలినడక వంటివే ప్రయాణ సాధనాలు. సత్రం దొరకనిచోట డేరాయే ఇల్లు.

వారు తిరుపతి, కడప, శ్రీశైలం దర్శించి హైదరాబాదు చేరారు. అక్కడినుండి నిర్మల మీదుగా నాగపూరుకు సాగారు. నాగపూరు బాట నేటి కామారెడ్డి జిల్లా తూర్పుభాగం గుండా పోతుంది. పిట్లం అదే జిల్లాకు పడమట ఉన్నది. వేసవిలో బయలుదేరిన యాత్రికులకు దారిలోనే వర్షాకాలం ఎదురైంది. వానకు నల్లరేగడి బురదయై కాలు సాగనీయదు. వాగులు పొంగి దారులు మూసుకొనిపోతాయి. ఒక్క మజిలీలో మంచినీరు కరవైనా, అంగడి లేకపోయినా నూరుమందీ పస్తులుండవలసిందే. బరువు మోసేవారి శక్తిని మించి మజిలీ దూరాన్ని నిర్ణయిస్తే ప్రయాణమే ఆగిపోతుంది.

అందుకే వీరాస్వామయ్య ఏ ఊరిలో నీటి వసతి ఉన్నదో, ఏ ఊరిలో అంగళ్లున్నాయో, బాట ఎట్టిదో, దిగడానికి ఎక్కడ వీలో శ్రద్ధగా వ్రాసి, మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు పంపారు. 1831 సెప్టెంబరు 3న ఆయన ఇల్లు చేరారు. 1836లో కన్నుమూశారు. ఆ వ్రాతలు 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయినాయి. తన వెనుక రాబోయే బాటసారులకు అవి దారి చూపాయి.

పిట్లం విద్యార్థులు మంజీర నదిపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ పరిసరాలకు విహారయాత్ర తలపెట్టినా ఈ పాఠమే వర్తిస్తుంది. అధికారుల అనుమతి, త్రాగునీరు, ఎండవేళ నీడ, అకాలవర్షానికి మెరకనేల, ఇంటివారికి సమాచారం అనే ఐదింటినీ బయలుదేరకముందే చూచుకోవాలి. లోతు తెలియని నీటిలో దిగరాదు. ఉత్సాహం ప్రయాణానికి ప్రేరణనిస్తుంది. క్షేమంగా ఇల్లు చేర్చేది మాత్రం జాగ్రత్తయే.

కఠినపదాలు
దుబాసీ = రెండు భాషలు తెలిసి అనువదించి చెప్పేవాడు
మజిలీ = ప్రయాణంలో దిగే చోటు
మెరక = ఎత్తైన నేల

ప్రశ్నలు
1. వీరాస్వామయ్య యాత్రకు వర్షాకాలం వలన కలిగే ఇబ్బందులను వివరించండి.
2. మీ ఊరి సమీపంలో రెండు రోజుల విడిదికి ప్రణాళిక వ్రాయండి.