యంత్రం కూర్పు – మనిషి చూపు

చలనచిత్రం పుట్టి నూట ముప్పై ఏళ్ళు దాటింది. 1895 డిసెంబరు 28న పారిస్ నగరంలో లూమియేర్ సోదరులు టిక్కెట్టు పెట్టి కదిలే బొమ్మలు చూపారు. ఏడు నెలలు తిరక్కుండానే, 1896 జూలై 7న బొంబాయి వాట్సన్ హోటల్లో ఆ ప్రదర్శన జరిగింది. ఆనాటి బొమ్మల్లో కూర్పు లేదు. కెమెరాను ఒకచోట నిలబెట్టి, రీలు అయిపోయేదాకా తీసిందే చిత్రం. ముక్కకు ముక్క అతికించి అర్థం పుట్టించే విద్య తర్వాత వచ్చింది. మన పాత సినిమా టైటిళ్ళలో 'కూర్పు' అని వేసేది ఆ విద్యకే.

ఆ విద్యకు మూలసూత్రం 1920 ప్రాంతంలో రష్యాలో లెవ్ కులెషోవ్ చేసిన ప్రయోగంలో కనిపిస్తుంది. ఒకే నటుడి ముఖాన్ని, ఏ మార్పూ లేకుండా, ఒకసారి సూపు గిన్నె బొమ్మకూ, ఒకసారి శవపేటికలోని పాప బొమ్మకూ, ఒకసారి ఒక స్త్రీ బొమ్మకూ జత చేసి చూపాడు. చూసినవాళ్ళు ఆ ముఖంలోనే ఆకలినీ, దుఃఖాన్నీ, ప్రేమనూ వేరువేరుగా చూశారని చెబుతారు. అంటే అర్థం ఒక్క బొమ్మలోనే ఉండదు, దాని పక్కన ఏది పెట్టామన్న దానిలో కూడా ఉంటుంది.

యంత్రం ఏం చేస్తుంది?

ఒకప్పుడు కూర్పు అంటే మద్రాసులోనో హైదరాబాదులోనో స్టూడియో చీకటి గదిలో ఫిల్మును కత్తిరించి అతికించడమే. నేడు అల్మాస్‌గూడలో గది అద్దెకు తీసుకుని చదువుకునే మాలాంటి వాళ్ళ చేతి ఫోనులోనే ఆ పని జరిగిపోతోంది. పిక్టరీ, ఇన్‌వీడియో వంటి ఆన్‌లైన్ సాధనాలు ఉన్నాయి. మనం రాసిన పాఠం ఇస్తే చాలు. యంత్రం దాన్ని వాక్యాలుగా విడగొట్టి, సుమారుగా వాక్యానికో దృశ్యం చొప్పున వరుస పెడుతుంది. వాక్యంలోని ముఖ్యమైన మాటలు ఏరి, వాటికి సరిపడే బొమ్మను తన భాండాగారం నుంచి తెచ్చి అతికిస్తుంది. కింద అక్షరాలు వేస్తుంది, గొంతు కూడా పెడుతుంది. నిమిషాల్లో వీడియో తయారు! అయితే అది మాటకు బొమ్మ వెతుకుతుంది. ఆ చేనుకు, ఆ ఊరికి ఆ బొమ్మ సరిపోతుందా అన్నది చూసుకోవలసింది మనమే.

ఒక ఉదాహరణ

మాది పత్తి పండించే ఇల్లు కాబట్టి పత్తినే తీసుకుంటాను. 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. తర్వాత రెండు జన్యువుల బీటీ వచ్చినా, గులాబీరంగు పురుగు దాన్ని కూడా తట్టుకుని నిలిచింది. ఈ పురుగు గురించి నాలుగు వాక్యాల పాఠం రాద్దాం.

1. గులాబీరంగు పురుగు కాయ లోపల దాక్కుని గింజను తింటుంది.
2. పైకి కాయ బాగానే కనిపిస్తుంది.
3. చేనులో లింగాకర్షక బుట్టలు పెట్టండి.
4. వరుసగా మూడు రాత్రులు ఒక్కో బుట్టలో 8 చొప్పున రెక్కల పురుగులు పడితే నివారణ చర్యలు మొదలుపెట్టండి.

మొదటి వాక్యానికి యంత్రం ఏదో ఒక పచ్చ పురుగును తెచ్చిందనుకోండి. అది శనగపచ్చ పురుగు అయితే సగం శరీరం కాయ బయట పెట్టి తింటుంది, కంటికి కనిపిస్తుంది. అది చూసిన రైతు పైపైన వెతికి, పురుగు లేదని ఊరుకుంటాడు. లోపల పంట పోతూనే ఉంటుంది. గులాబీ పురుగు పిల్లగా ఉన్నప్పుడే కాయలోకి దూరుతుంది, అది దూరిన రంధ్రం కూడా పూడిపోతుంది. కాబట్టి ఇక్కడ చూపవలసింది కోసి విప్పిన కాయనూ, విచ్చుకోకుండా ముడుచుకుపోయిన గుడ్డి పువ్వునూ.

రెండో వాక్యానికి విదేశీ చేలలో పెద్ద యంత్రం పత్తి ఏరుతున్న దృశ్యం రావచ్చు. మన దగ్గర పత్తి చేత్తో ఏరేదే. మూడో వాక్యంలో 'బుట్ట' అన్న మాట పట్టుకుని పండ్ల బుట్ట తెస్తే ఇక చెప్పనక్కరలేదు! లింగాకర్షక బుట్ట అంటే ఆడ పురుగు వాసనను పోలిన ఎర పెట్టి మగ రెక్కల పురుగులను పట్టేది. నాలుగో వాక్యంలో అంకెలున్నాయి. 8 అనే అంకె, మూడు రాత్రులు అనే మాట తెర మీద పెద్దవిగా పడి, చదువుకునేంతసేపు నిలవాలి.

చేయవలసిన పని

మొదట దృశ్యాల వరుస ఒకసారి చూడాలి. రెండు విషయాలు ఒకే దృశ్యంలో ఇరుక్కుంటే విడదీయాలి, ఒకే విషయం రెండు ముక్కలైతే కలపాలి. తర్వాత ప్రతి బొమ్మనూ వాక్యం పక్కన పెట్టి "ఇది ఇదేనా?" అని అడగాలి. కాకపోతే మాట మార్చి వెతకాలి. దొరక్కపోతే మన ఫోనుతో మనమే తీసి ఎక్కించాలి. అన్నిటికంటే మేలైన పద్ధతి ఇదే.

ఆపైన కాలం. సెకనుకు 24 బొమ్మల లెక్కన నాలుగు సెకన్ల దృశ్యంలో 96 బొమ్మలు గడిచిపోతాయి. అయినా నాలుగు సెకన్లలో మనం చదివినంత వేగంగా ఇంట్లో పెద్దవాళ్ళు చదవలేరు. వాక్యాన్ని గడియారం చూస్తూ నెమ్మదిగా పైకి చదివి, అంత వ్యవధి ఇవ్వాలి. చివరగా శబ్దం ఆపి ఒకసారి చూడాలి. బొమ్మలొక్కటే సరైన పాఠం చెబితే కూర్పు కుదిరినట్టు.

పాత పాఠం

ఈ జాగ్రత్త కొత్తదేమీ కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు చూపారు. దాన్నే సైట్ ప్రయోగం అన్నారు. వాటిలో ఆనాటి ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి. కార్యక్రమాలు తయారు చేసిన కేంద్రాల్లో హైదరాబాదు ఒకటి. తెలుగు పల్లెకు తెలుగులోనే పాఠం చెప్పాలన్నది అప్పటి ఆలోచన. 2006లో బెంగుళూరులో మొదలైన డిజిటల్ గ్రీన్ మరో అడుగు వేసి, ఆ ప్రాంతపు రైతులనే తెర మీద చూపించింది. తమలాంటి రైతు తమలాంటి చేనులో నిలబడి చెబితే వినేవాడికి నమ్మకం కుదురుతుంది.

మిత్రులారా! చదవడం కష్టమైన మనిషి మాటకంటే బొమ్మనే ఎక్కువ నమ్ముతాడు. తప్పు బొమ్మ చూసి తప్పు మందు కొడితే ఆ ఖర్చు యంత్రం భరించదు, రైతే భరించాలి. అందుచేత మనలో జంతుశాస్త్రం చదివేవాడు పురుగును గుర్తుపట్టాలి, తెలుగు బాగా వచ్చినవాడు వాక్యం దిద్దాలి, పల్లె నుంచి వచ్చినవాడు చేను గుర్తుపట్టాలి. ముగ్గురూ కలిసి కూర్చుంటే యంత్రం ఇచ్చిన వీడియో పనికొచ్చే పాఠం అవుతుంది. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు ఒక్క వీడియో అయినా ఇలా చేసి, పంపే ముందు చేనులో ఉన్నవాళ్ళకు చూపించండి. వాళ్ళు "ఇది మన చేనే" అంటే అప్పుడు నలుగురికీ పంపండి.