ఏడుపాయల చేలు

మెదకు పట్టణమునకు చేరువను, వనదుర్గ గుడి చెంత, మంజీరానది ఏడు పాయలుగా చీలి ప్రవహించుచున్నది. ఈ సీమలో రైతు వరి వేసినను గట్టుమీది తాటిని, ఈతను కొట్టివేయడు. ఆ తాటాకులకు గిజిగాడు గూళ్లు అల్లును. తన పిల్లలకై పైరులోని పురుగులను ఏరుకొనిపోవును. కంకి పండినపుడు గింజలకును దిగును. రైతు కేకవేసి తోలునేకాని గూటి జోలికి పోడు.

అడవిపంది మాట వేరు. మెదకునకు ఉత్తరమున నున్న పోచారము అడవి 1952లో అభయారణ్యమైనది; పంది మాత్రము అడవిలోనే నిలువదు. ఒక్క రాత్రిలో మడియంతయు త్రొక్కి పెల్లగించును. దానికి వెరచి కొందరు చేనిచుట్టు తీగె లాగి విద్యుత్తు పెట్టుదురు. చట్టము దీనిని నిషేధించినది. తెలంగాణములో అట్టి తీగెలు తగిలి పందులేకాక, వేకువనే చేనికి పోయిన రైతులును మరణించిరి. తక్కినవారు చేనిచుట్టు ఇంటి పాత చీరలు కట్టుదురు. మంచెపై నొకడు తెల్లవారువరకు డబ్బా వాయించుచు కూర్చుండును.