ఫైర్‌మన్ ఉద్యోగం – మన ఏజెన్సీ ఊళ్ళు



'వృత్తులు తెలుసుకుందాం' శీర్షికలో పోయిన నెల నర్సు ఉద్యోగం గురించి చదివారు. ఈ నెల అగ్నిమాపక శాఖలో పనిచేసే ఫైర్‌మన్ గురించి నేను రాస్తున్నాను. మా మావయ్య లీడింగ్ ఫైర్‌మన్. దసరా సెలవుల్లో రెండు రోజులు ఆయన దగ్గరుండి, చూసినవీ అడిగి తెలుసుకున్నవీ నోట్సులో రాసుకున్నాను.

ఫైర్‌మన్ అంటే ఎప్పుడూ మంటల్లో ఉండే మనిషి అనుకుంటాం. కానీ రోజులో ఎక్కువ భాగం ఆయన పని అది కాదు. పొద్దున్నే పెరేడ్. తర్వాత బండి స్టార్ట్ చేసి, పంపు తిరుగుతోందా, ట్యాంకు నిండుగా ఉందా చూస్తారు. ఆ తర్వాత గొట్టాల డ్రిల్లు, నిచ్చెన డ్రిల్లు, తాళ్ళ ముడులు. గొట్టాన్ని వాళ్ళు హోస్ అంటారు. ఒక్కొక్కటి 15 మీటర్లు ఉంటుంది. ఒకదాని కొస ఇంకోదానిలో టక్కుమని బిగిస్తారు. వాడిన హోసును కడిగి, ఎత్తున వేలాడదీసి ఆరబెట్టాలి. తడిగా చుట్టేస్తే బూజు పట్టి, అవసరం వేళకి చిరిగిపోతుంది. నీళ్ళు వదిలినప్పుడు హోసు వెనక్కి తన్నుతుంది, అందుకే ఇద్దరు పట్టుకుంటారు.

వాచ్ రూములో ఫోను దగ్గర ఒకరు రాత్రంతా మేలుకొనే ఉంటారు. ఫోను రాగానే టైము, ఊరి పేరు, ఏం కాలుతోంది, దారి ఎటు అన్నవి పుస్తకంలో రాసి గంట కొడతారు. నిమిషం లోపు బండి గేటు దాటాలి. నేనున్న రెండు రోజుల్లో రెండు ఫోన్లు వచ్చాయి. రెండూ మంటలు కావు. ఒకటి బావిలో పడిన ఆవు, రెండోది రోడ్డుకి అడ్డంగా పడిన చెట్టు.

"ఏటి మావయ్యా, ఆవుల్ని కూడా మీరే తీస్తారా?" అంటే, "వరదొస్తే పడవ కూడా మేమే వేస్తాం రా" అన్నాడు. అందుకే ఇప్పుడు ఆ శాఖ పేరులో విపత్తుల స్పందన అన్న మాట కూడా చేర్చారు.

ఇక అసలు సంగతి నీళ్ళు. వాళ్ళ బండి ట్యాంకులో 4,500 లీటర్లు పడతాయి. ఒక హోసుతో నిమిషానికి 450 లీటర్లు వదిలితే పది నిమిషాల్లో ట్యాంకు ఖాళీ. కాబట్టి ఏ ఊరికి వెళ్ళినా ఫైర్‌మన్ చూపు ముందు గెడ్డ ఎక్కడ, చెరువు ఎక్కడ అని వెతుకుతుంది. సక్షన్ గొట్టం నీళ్ళలో వేసి పంపుతో లాగుతారు. పంపు నీళ్ళను లాగుతుందని మనం అంటాం గాని, నిజానికి పంపు గొట్టంలో గాలి తీసేస్తుంది, బయటి గాలి నీళ్ళను పైకి తోస్తుంది. ఫిజికల్ సైన్సులో చదివిన వాతావరణ పీడనం ఇదే. లెక్క ప్రకారం 10 మీటర్ల దాకా ఎక్కాలి, పనిలో మాత్రం 7 మీటర్లు దాటితే కష్టం. లోతు బావి ఉన్నా బండికి ఉపయోగం లేకపోవడానికి కారణం అదే.

ఇప్పుడు మన ఊళ్ళ లెక్క చూద్దాం. మా ఊరు స్టేషన్‌కి 38 కిలోమీటర్లు, అంతా ఘాటీ రోడ్డు. నిండు ట్యాంకులో నీళ్ళ బరువే నాలుగున్నర టన్నులు. మలుపుల్లో గంటకి 30 కిలోమీటర్లు మించి తోలలేరు. అంటే గంటా పావు పడుతుంది. ఎండిన గడ్డి కప్పు పావుగంటలో కూలిపోతుంది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి.

2023 వేసవిలో మా పక్క ఊళ్ళో ఒక వీధి అంతా కాలిపోయింది. అమ్మతో నేనూ వెళ్ళాను. బండి వచ్చేసరికి వాసాలు మాత్రమే నిలబడి ఉన్నాయి. "అంతా బూడిదయ్యాక వచ్చారు, ఏటి లాభం?" అని అందరూ తిట్టారు. ఒక తాత ఫైర్‌మన్ చొక్కా పట్టుకొని ఏడ్చాడు. అయినా వాళ్ళు వెళ్ళిపోలేదు. గెడ్డ నుంచి హోసులు వేసి, పడిపోయిన దూలాలు తిరగేసి చీకటి పడేదాకా తడిపారు. లోపల దాగిన నిప్పు సాయంత్రం గాలికి మళ్ళీ లేస్తుందట. రెండో వీధి అలా మిగిలింది.

ఈ సంగతి మావయ్యకి చెప్తే, "తిట్లు మాకు అలవాటే. కానీ ఫోను ఎప్పుడొచ్చిందో పుస్తకంలో ఉంటుంది. మంట అంటుకున్న నలభై నిమిషాలకి ఫోను వస్తే మేమేం చెయ్యాలి?" అన్నాడు. ఆ ఊళ్ళో సిగ్నల్ లేదు, ఒకతను కొండెక్కి ఫోను చేశాడు. ఇందులో తాత తప్పూ లేదు, ఫైర్‌మన్ తప్పూ లేదని నా అభిప్రాయం. దూరం అలాంటిది. అందుకని మన దగ్గర ఫైర్‌మన్ పని మంట పుట్టకముందే మొదలవ్వాలి. వేసవికి ముందు వాళ్ళు ఊళ్ళకి వచ్చి చెప్పేది మనం విని చెయ్యాలి.

వాళ్ళు చెప్పేది ఇదీ. మంటకి మూడు కావాలి: కాలే వస్తువు, వేడి, గాలి. ఒకటి తీసేస్తే మంట ఉండదు. గడ్డి ఇళ్ళ వీధిలో అన్నిటికన్నా త్వరగా తీయగలిగేది కాలే వస్తువునే. గాలి ఎటు వీస్తోందో చూసి, ఆ వైపు ఇంకా అంటుకోని ఇంటి కప్పుని వెదురు కొక్కేలతో లాగి పడేయాలి. మిగతా కప్పుల మీద తడి గోనెసంచులు వెయ్యాలి. చెప్పడం తేలికే. ఎవరి ఇల్లు లాగుతారు? కాలని ఇంటిని లాగుతామంటే ఆ ఇంటాయన కర్ర పట్టుకుంటాడు. అందుకే మావయ్య వాళ్ళు ఊరి పెద్దలతో ముందే మాట్లాడిస్తారు: ఊరి కోసం ఎవరి కప్పు లాగితే వాళ్ళకి ఊరంతా గడ్డి కోసి తిరిగి కప్పాలి. మా ఊళ్ళో ఈ మాట ఇంకా కాలేదు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు నాన్నతో అడిగిస్తాను.

ఫోను 101 కి గాని 112 కి గాని చెయ్యాలి. 108 అంబులెన్సుకి. ఊరు, మండలం, ఏం కాలుతోంది, పెద్ద బండి కల్వర్టు దాటగలదా, నీళ్ళు ఎక్కడున్నాయి అన్నవి చెప్పాలి.

కాలే నూనె మీద నీళ్ళు పొయ్యకూడదు. నీళ్ళు నూనె అడుగుకి పోయి ఆవిరై దాదాపు 1,700 రెట్లు ఉబ్బి, మండే నూనెని ఎగజిమ్ముతాయి. మూత పెట్టాలి. గ్యాసు లీకయితే అది గాలికన్నా బరువు కనుక నేల మీదే నిలుస్తుంది. తలుపులు తీయాలి, స్విచ్ ముట్టకూడదు. ఒళ్ళు కాలితే 20 నిమిషాలు చల్లని నీటి ధార కింద పెట్టాలి. పేస్టు, సిరా రాయకూడదు.

బావిలో మనిషి పడిపోతే వెనకాలే ఇంకొకరు దిగకూడదు. అడుగున గాలి చెడిపోయి ఉండొచ్చు. మన పెద్దలు దీపం దించి చూస్తారు. దీపం ఆరితే దిగకూడదన్నది సరే, ఆరకపోతే దిగొచ్చు అన్నది మాత్రం నిజం కాదు. కొన్ని విషవాయువుల్లో దీపం వెలుగుతూనే ఉంటుంది. ఫైర్‌మన్ వీపున గాలి సిలిండర్ కట్టుకొని దిగుతాడు. దానిలో ఉండేది ఆక్సిజన్ కాదు, గట్టిగా నొక్కి నింపిన మామూలు గాలే.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు చేస్తారు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ అంటుకుంది. దానిలో పత్తి బేళ్ళతో పాటు పేలుడు సామాను ఉంది. ఆర్పుతుండగానే ఓడ పేలి 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. వాళ్ళ జ్ఞాపకంగానే ఈ వారం.

అక్కలకి, చెల్లెళ్ళకి ఒక మాట. నాగపూర్‌లోని జాతీయ అగ్నిమాపక కళాశాలలో చదివిన మొదటి మహిళ హర్షిణి కన్హేకర్. 2002లో చేరింది. మగవాళ్ళ ఉద్యోగం అని ఎవరైనా అంటే ఈ పేరు చెప్పండి.

చివరగా మన బడి గురించి. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక బడి వంటశాల నుంచి మంట గడ్డి కప్పుకి పాకి 94 మంది పిల్లలు చనిపోయారు. మన వంటశాల పక్కన నాలుగు ఎర్ర బకెట్లు వేలాడుతున్నాయి. నిన్న చూశాను. రెండింటిలో ఇసుక ఉంది, ఒకదాంట్లో చీపురు పుల్లలు, ఒకటి ఖాళీ. ఆదివారం టిఫిన్ అయ్యాక గెడ్డకి ఇసుక కోసం వెళ్ళడానికి వార్డెన్ సారు ఒప్పుకున్నారు. వచ్చేవాళ్ళు ఈ కాగితం కింద పేరు, తరగతి రాయండి. ఆరుగురు చాలు.