పై ఫ్లాటు నీళ్లు, మా సీలింగు చెమ్మ

ప్రశ్న: పై ఫ్లాటు బాత్రూమ్ కింద మా సీలింగ్ పెచ్చులూడుతోంది. అడిగితే ‘మాకే లీకూ లేదు’ అంటున్నారు. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పైన నేల పొడిగానే ఉంటుంది, అబద్ధమాడుతున్నారనుకోకండి. వాళ్లు ఊరెళ్లినప్పుడూ చెమ్మ ఆరకపోతే కుళాయి పైపును అనుమానించాలి. స్నానాలయ్యాకే పెరిగితే టైల్స్ సందుల్లోనో, జాలీ చుట్టూనో కారుతోంది. వాళ్లను ఒప్పించి, జాలీని గుడ్డతో బిగించి, రెండంగుళాల నీళ్లు 24 గంటలు నిలబెట్టి చూడండి. కారేది సందుల్లోనే అయితే పాత గ్రౌట్ గీకించి ఎపాక్సీ గ్రౌట్ పెట్టిస్తే చాలాసార్లు ఆగుతుంది. లేదంటే టైల్స్ లేపి వాటర్‌ప్రూఫింగ్ చేయించాల్సిందే. అప్పటిదాకా మీ వైపు పుట్టీ, రంగు దండగ. చెమ్మ దగ్గర లైటుంటే వాడొద్దు. స్థిరాస్తి నియంత్రణ సంస్థ ‘రెరా’లో నమోదైన ప్రాజెక్టయి, ఫ్లాటు అప్పగించి ఐదేళ్లు దాటకపోతే, నాసిరకం పనితనం వల్ల వచ్చిన లోపాన్ని బిల్డరే 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయాలి. ఫొటోలతో రాతపూర్వకంగా అడగండి. ఒక కాపీ అసోసియేషన్‌కు ఇవ్వండి.